యేసుకు ఏం పెట్టాలి?

"యేసు ప్రభువు ఏం తింటడన్నా?"

హైదరాబాదు కార్వాన్‌లో పాలవ్యాపారం చేసే బీరయ్య భార్య రాజమణి ఈ మాట అడిగేసరికి ఉపదేశి సీమోను పాడుతున్న కీర్తన ఆపేశాడు.

అతను ఈ గల్లీకి వచ్చి కొన్ని నెలలైంది. తెల్లవారకముందే ఒకసారి, పొద్దుగూకుతూ ఒకసారి కంజీర వాయిస్తూ గొంతెత్తి కీర్తనలు పాడతాడు. ఆ గొంతుకు మిషన్ దొరే ముచ్చటపడ్డాడు. పాపం, ఒక్క ఆత్మ కూడా దొరకలేదు. ఇప్పుడొకటి తనంతట తానే నడిచొచ్చింది!

"మా బర్రెలు పాలు చేపుతలేవన్నా. యుద్ధం దినాలు, తవుడు సుత దొరుకుతలేదు. గిట్లనే ఉంటే బర్రెలను అమ్ముకోవాలె. మైసమ్మకు కోడిని కోసిన. పీర్లకు మలీద ముద్దలు పెట్టిన. ఇగ మీ దేవునికి మొక్కిన. రేపు మొక్కు చెల్లియ్యకుంటే ఊకుంటడా?"

"ఆయన ఏం తీసుకోడు చెల్లె. మనసిస్తే చాలు."

"మనసు సరే. ముంగట ఏం పెట్టాలె?"

దేవుడు ఆత్మ అని, ఆయనకు నైవేద్యాలు అక్కర్లేదని నిరూపించాలని సీమోను గ్రంథం విప్పాడు. రాజమణి రోజూ పేడ ఎత్తిపోసి వచ్చి కూర్చునేది.

పెళ్ళింట్లో నీళ్ళు ద్రాక్షారసమయ్యాయి. "కల్లు అసుంటిదా?" అంది. వేలమందికి రొట్టెలు పంచాడు. "తను తినలేదా?" అంది. పాపుల ఇళ్ళలో పంక్తిన కూర్చున్నాడు. "గట్ల చెప్పు!" అంది. ప్రభువు ఇన్నిసార్లు భోజనానికి కూర్చున్నాడని సీమోను అంతవరకు గమనించనే లేదు.

ఇంట్లో బీరయ్య లొల్లి పెట్టాడు. "మతం మారుతవా ఏంది?"

"దేవునికి మొక్కి ఎగ్గొడ్తనా?" అంది రాజమణి.

చివరికి, చనిపోయి లేచిన ప్రభువు తినడానికి ఏమైనా ఉందా అని శిష్యులను అడిగే చోటు వచ్చింది. వాళ్ళు కాల్చిన చేప ముక్క ఇచ్చారు. ఆయన తిన్నాడు.

"మరి ఇన్ని దినాలు ఏం తీసుకోడంటివి!" రాజమణి మండిపడింది.

ఒక ఆత్మ దారికొచ్చిందని సీమోను దొరకు కబురు పెట్టాడు. దొర సంతోషించి, అంతటి గొంతు పాలమూరుకు కావాలంటూ బదిలీ చేశాడు. సీమోను కుమిలిపోయాడు. తను పండించిన పంట ఇక ఎవరో కోసుకుంటారు.

అతను బండెక్కే రోజు రాజమణి ఆకులో కాల్చిన చేప తెచ్చింది. సీమోను గదిలోని శిలువ ముందు పెట్టి సాగిలపడింది. సీమోను కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బర్రెలు పాలిస్తున్నయా చెల్లె?"

"ఇంకా ఇస్తలేవన్నా."

కోరిక తీరకముందే మొక్కు చెల్లింపు! ఇంతటి విశ్వాసం ఉపదేశి అయిన తనకే లేదు.

"మరి అప్పుడే మొక్కెందుకు చెల్లిస్తున్నవు?"

రాజమణి చెంపలు వేసుకుని లేచింది.

"అవి బెదిరి చేపనిది నీ పాటకే గదన్నా, అందుకే నిన్ను ఈ గల్లీల నుంచి తోలియ్యమని మొక్కిన."