వెలగని ఫ్యాను

"కొత్త కంప్యూటరుకి లైట్లున్న ఫ్యాన్లే బిగించాలి బాబూ," అన్నాడు నల్లకళ్లద్దాల పెద్దమనిషి, చేతికర్రను బల్లకు ఆనించి.

మెకానిక్ నవ్వాపుకున్నాడు. ఆయనకు చూపు లేదని కొట్టు మెట్లెక్కేటప్పుడే తెలిసిపోయింది.

"మామూలువి పెట్టించుకోండి సార్. గాలి అదే. మీకెందుకీ హంగులు?"

"కొత్తచొక్కా కూడా చూసేవాళ్ల కోసమే కుట్టించుకుంటానయ్యా!"

ఇద్దరూ నవ్వుకున్నారు.

మెకానిక్ పనిలోకి దిగాడు. ఒక్కో ఫ్యానుకీ రెండు తీగలు. ఒకటి తిప్పడానికి, ఒకటి వెలిగించడానికి. ముందువైపు మూడూ చకచకా అమరిపోయాయి. వెనక ఫ్యాను దగ్గరే వచ్చింది తంటా. దాని లైటు తీగ కలపాల్సిన చోటికి అందలేదు. అతుకు తీగ కొట్టులో లేదు. తెప్పించాలంటే రేపటి మాట.

"అన్నీ వెలిగాయా?" అడిగాడు పెద్దమనిషి.

వెనకది చీకట్లోనే గిరగిరా తిరుగుతోంది. చూసేదెవరు, అడిగేదెవరు అనుకున్నాడు మెకానిక్.

"జిగేల్మంటున్నాయి సార్!"

ఆయన కోరినట్టే కీబోర్డులో ఒక్కో మీట నొక్కితే ఫ్యాన్లు ఒక్కో రంగులో వెలిగేలా మూడు మీటలకు మూడు రంగులు కుదిర్చాడు. పెద్దమనిషి వాటిని తడిమి తడిమి గుర్తుపెట్టుకున్నాడు.

"నీ కడుపు చల్లగుండ!" అని వెళ్లాడు.

మర్నాడు కొట్టు తెరవగానే ఒకావిడ అదే కంప్యూటరును మోయించుకుని వచ్చింది.

"వెనక ఫ్యాను వెలగట్లేదు నాయనా."

మెకానిక్ గతుక్కుమన్నాడు. "సారుకెలా తెలిసిందమ్మా?"

"ఎంత అరిచినా లాభం లేదు, నాకు బొత్తిగా వినపడదు. మావారు చెప్పలేదూ? ఫోనులో రాసి చూపించు."

'క్షమించండి. వెనకది ఎవరికీ కనపడదనుకున్నాను,' అని రాసి చూపించాడు.

"నాకు కనపడేదే అదొక్కటి! వంటింట్లోంచి చూస్తే కంప్యూటరు వెనకవైపే కదా. ఎరుపు వెలిగితే గుమ్మంలోకి ఎవరో వచ్చారని, నీలం వెలిగితే టీ కావాలని. నిన్న పొద్దుగూకేదాకా ఆకుపచ్చ నొక్కుతూ కూర్చున్నారట. నేను కదిలితేనా? అలిగాననుకుని, బతిమాలడానికి వంటింట్లోకొచ్చి పాలగిన్నె తన్నేశారు. అప్పుడు నిజంగానే అలిగాను!"

ఆవిడ పకపకా నవ్వింది. మెకానిక్‌కి మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

రేపటి మాట అనుకున్న అతుకు తీగ, పక్కవీధికి పరుగెత్తితే ఇట్టే దొరికింది. కలిపాడు. వెనక ఫ్యాను వెలిగింది.

ఎరుపు, నీలం నొక్కి చూశాడు. ఆకుపచ్చ నొక్కి, ఇది దేనికమ్మా అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"అదా?" ఆవిడ ముఖం విప్పారింది. "మావారు పాటగాడు నాయనా. నా చెవులు పోయాక కూడా, నేనెళ్లి వీపు మీద చెయ్యి ఆనించి వింటేగానీ పాట ఎత్తుకోరు."