ఎదురెదురు తలుపులు

"పదిహేడో అంతస్తు మనిద్దరం పంచేసుకుందాం చెల్లీ. ఎదురెదురు తలుపులు," అంది అక్క, టవర్ నమూనా మీద వేలు పెట్టి.

అసలు టవర్ ఇంకా గోతిలోనే ఉంది. కిటికీలోంచి చూస్తే బురద, ఇనప చువ్వలు, నీళ్ళు తోడే మోటారు. అమ్మకాల ఆఫీసు మాత్రం పెళ్ళికూతురిలా తయారై కూర్చుంది. చల్లటి గది, మెత్తటి సోఫాలు, అడక్కుండానే కాఫీ.

ఆమెకి అక్క పరిచయమైంది ఆ సోఫాలోనే. ఆదివారం ఆదివారం ఇద్దరూ వచ్చేవాళ్ళు. నమూనా చుట్టూ తిరిగి, ఏదీ తేలకుండానే ఇళ్ళకి పోయేవాళ్ళు. అక్క పక్కన బట్టతల బావగారు, ఉలుకూ పలుకూ లేని మనిషి. అక్క మాట మాత్రం వెన్నపూస. తోడబుట్టినవాళ్ళు లేని ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఇంకా ఆలోచనేంటి? నువ్వు సరే అంటే నేనూ సరే."

"ముందు మీరు సంతకం పెట్టండక్కా. మీ వెనకే నేను."

మీరు ముందంటే మీరు ముందని నెల గడిచిపోయింది. కాఫీలు పోయించలేక మేనేజరు అలిసిపోయాడు.

ఇంటికెళ్ళాక ఆమె మనసు ఊరుకునేది కాదు. టవర్లంటే మాటలా? ఎత్తు పెరిగేకొద్దీ ఖర్చూ పైకెళ్తుంది. ఒక ఊళ్ళో నేల మెత్తన, ఇంకో ఊళ్ళో గాలి జోరు. ఏ ఊళ్ళోనైనా జనం డబ్బు ముందే పడకపోతే పని పునాదిలోనే పడుకుంటుంది. అక్కలాంటి మనిషి అందులో ఇరుక్కుంటే ఎలా అని దిగులుపడేది. ఫ్లాటు సంగతి ఎలా ఉన్నా, అక్క దూరం కాకుండా ఉంటే చాలనుకునేది.

ఐదో ఆదివారం అక్క రాలేదు. ఫోనూ కలవలేదు.

మరుసటి వారం ఆమె ఊరికి ఆ చివర ఇంకో టవర్ ఆఫీసుకి వెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే కాళ్ళు ఆగిపోయాయి. సోఫాలో అక్క. పక్కన బావగారు లేరు, ఎవరో మీసాలాయన.

"మా ఆయనకీ ఇదే నచ్చింది. ఒకే అంతస్తులో తీసుకుందాం పిన్నీ," అంటోంది ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని.

చేతులు కడుక్కునే చోట ఇద్దరూ ఎదురుపడ్డారు.

"అయితే మీరు కొనడానికి రాలేదా?" అని అడిగింది ఆమె.

అక్క తల దించుకుంది. "కొనేవాడు ఇంకో కొనేవాణ్ణి చూస్తేనే ధైర్యం చేస్తాడు. అందుకని ఏజెంట్లు మాలాంటివాళ్ళని తెచ్చి కూర్చోబెడతారు. ఎవరు ఉత్తుత్తివాళ్ళో ఆఫీసువాళ్ళకీ తెలీదు. నువ్వక్కడ సంతకం పెట్టలేదు కదా?"

"లేదు."

"బతికిపోయావు. పెట్టకు."

"నేను మిమ్మల్ని నిజంగానే అక్కనుకున్నాను."

అక్క పక్కకి తప్పుకుని వెళ్ళిపోయింది.

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. పరాయివాళ్ళు మోసం చేస్తే కోపమొస్తుంది. అక్కా అని పిలిచిన మనిషి చేస్తే గుండె తరుక్కుపోతుంది. చేతిలో చెయ్యేసి, వరస కలిపి, ఇంతగా నమ్మించడానికి మనసెలా ఒప్పుతుందో ఈ మనుషులకి అని తిట్టుకుంది.

తర్వాత మొహం కడుక్కుని బయటికొచ్చి, ఆ పూటకి ఏజెంటు తనకి మొగుడిగా కుదిర్చిన మనిషి పక్కన సర్దుకుని కూర్చుని, ఎదుటి సోఫాలో ఉన్న కొత్త పెళ్ళికూతురితో, "మేమైతే ఇరవయ్యో అంతస్తు ఖాయం చేసుకున్నట్టేనమ్మా, మీరేది చూస్తున్నారు?" అంది నవ్వుతూ.