పెంకు కింద పొర

ఊపిరి బిగబట్టి, ఆమె చిన్న డ్రిల్లును గుడ్డు పెంకు మీద ఆనించింది. గోరంత కిటికీ కొయ్యాలి. పెంకు మాత్రమే తెగాలి, దాని కింది పొర చెక్కుచెదరకూడదు.

చిరిగింది. సొన బల్ల మీదికి కారింది.

"ఇటివ్వు, ఉల్లిపాయలు తరిగే ఉంచాను," అంది అత్తగారు పొయ్యి దగ్గర నుంచి. "నీ పుణ్యమా అని పొద్దుట్నుంచీ ఆమ్లెట్లే."

కోడలికి నవ్వు రాలేదు. పళ్ల డాక్టరు ఆదివారం పూట గుడ్లతో కుస్తీ పడుతుంటే చూసేవాళ్లకు వేళాకోళమే మరి. పై దవడ వెనక భాగంలో ఎముక పలచబడితే కట్టుడు పన్ను కోసం బిగించే ఇంప్లాంటు మర నిలవదు. అందుకని పక్క నుంచి ఎముకకు కిటికీ కోసి, లోపల సైనస్ అనే గాలి గదికి ఉండే పొరను మెల్లిగా పైకెత్తి, ఆ సందులో ఎముక పొడి నింపుతారు. ఆ పొర అచ్చం గుడ్డు పొరలాగే ఉంటుంది.

పోయిన నెల ఆమె చేతిలో ఒకాయనకు ఆ పొర చిరిగింది. పొడి సైనస్‌లోకి పోయి చీము పట్టింది. పాపం, ఆ మనిషి తల పట్టుకుని ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. పెద్ద డాక్టరు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది.

ఇంకో గుడ్డు తీసింది. ఈసారి కిటికీ దాదాపు పూర్తయింది. ఇంకొక్క గీత ఉందనగా డ్రిల్లు లోతుగా దిగింది. అదీ పోయింది.

"నా వల్ల కాదత్తయ్యా. రేపటి కేసు పెద్ద డాక్టరుగారికి అప్పజెప్పేస్తాను."

"పేషెంటు ఒప్పుకోవద్దూ?"

"పోయిన నెల సంగతి తెలిసి ఎవరైనా నా చేతికి నోరప్పగిస్తారా?"

"ఆవిడకి అంతా తెలుసులే. అయినా నువ్వే చెయ్యాలంటుంది. మహా మొండిఘటం."

"మొండితనానికి పొర ఆగదు కదా! రేపు కూడా చిరిగిందంటే ఈ జన్మలో తలెత్తుకోలేను." కోడలు డ్రిల్లు పక్కన పడేసి, మొహం చేతుల్లో దాచుకుంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

అత్తగారు పొయ్యి కట్టేసింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

బుట్టలోంచి మరో గుడ్డు తీసి కోడలి అరచేతిలో పెడుతూ, "రేపు నీ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకోబోయే నాకే లేని భయం నీకెందుకే?" అంది.