రెండేళ్ల వస్తువు

"ఇది తొమ్మిదేళ్ల నాటిదండీ. మేం చూడం."

సర్వీస్ సెంటర్ కౌంటర్లో కూర్చున్నామె హెడ్‌ఫోన్‌ని రెండు వేళ్లతో అవతలికి జరిపింది.

కుడివైపు మెత్త పెచ్చులూడి, లోపలి స్పాంజి బయటపడింది. మిగతాదంతా నిన్న కొన్నట్టే ఉంది.

తెచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచి, చెప్పుల నిండా దుమ్ము. శబ్దం బాగానే వస్తోందనీ, ఆ ఒక్క మెత్త మార్చి ఇస్తే చాలనీ నెమ్మదిగా చెప్పింది.

హెడ్‌ఫోన్ అన్నది రెండేళ్ల వస్తువనీ, ఈ మోడల్‌ని కంపెనీ ఎప్పుడో ఆపేసిందనీ, కొత్తది కొనుక్కోవడమే మేలనీ కౌంటరామె రోజూ అప్పజెప్పే పాఠమే అప్పజెప్పింది.

"చెవి డెబ్బై ఏళ్లు పనిచేస్తుంది కదమ్మా. దాని మీద పెట్టుకునేది రెండేళ్లేనా?"

వెనక లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. కౌంటరామెకి ఒళ్లు మండింది.

ఆవిడ మరుసటి వారం మళ్లీ వచ్చింది. ఆ పై వారం కూడా. అప్పటికి ఆఫీసులో ఆవిడకి 'తొమ్మిదేళ్లావిడ' అని పేరు పడిపోయింది.

నిజానికి వెనక గదిలో, తుక్కుకి వేయడానికి పెట్టిన అట్టపెట్టెలో అదే మోడల్‌వి నాలుగైదు ఉన్నాయి. మెత్తలు చెక్కుచెదరలేదు. మేనేజర్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ ఒకరికిస్తే పదిమంది ఎగబడతారు, లేనిపోని తలనొప్పి మనకెందుకని కౌంటరామె ఊరుకుంది.

"కొత్తది పెడితే కొలత మారిపోతుందమ్మా. పిల్లల పని…" అని మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ ఏదో చెప్పబోయింది.

"పిల్లల ఆటలకి ఏదైతేనేం లెండి. తర్వాతెవరు?"

ఆవిడ హెడ్‌ఫోన్‌ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

నెలాఖరుకి తుక్కు బండి వచ్చి ఆ పెట్టెని పట్టుకుపోయింది.

ఏడెనిమిది నెలలు గడిచాయి.

కౌంటరామె కూతురు రెండో తరగతి. పిలిస్తే పలకదు, చెప్పింది చెవికెక్కించుకోదు. పొగరెక్కువైందని తల్లి రెండుసార్లు చెయ్యి కూడా చేసుకుంది. డిక్టేషన్లో అన్నీ తప్పులే వస్తున్నాయని టీచర్ కబురు పెట్టాక, అనుమానమొచ్చి చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరి చాలాకాలమైందన్నాడాయన. మొదట్లోనే పట్టుకుని ఉంటే తేలిగ్గా పోయేదట. ఇప్పుడు ఆపరేషన్ చేసినా కుడిచెవి మునుపటిలా వినిపిస్తుందని మాటివ్వలేనన్నాడు.

మర్నాడు రిపోర్టులు పట్టుకుని బడికెళ్లింది. ఇంతమంది పిల్లల్ని చూస్తారు, మీరైనా కాస్త ముందు కనిపెట్టలేకపోయారా అని టీచర్ని నిలదీసింది.

టీచర్ ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"ఇదివరకైతే ఇంతదాకా వచ్చేది కాదండీ. రిటైరైన నర్సమ్మ ఒకావిడ ఏటా బళ్లన్నీ తిరిగి, పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పైసా తీసుకోకుండా వినికిడి పరీక్ష చేసేది."

"మరి ఈ ఏడు?"

"హెడ్‌ఫోన్ మెత్త పాడైపోయిందట. బయటి చప్పుడు లోపలికి దూరితే పరీక్ష తప్పు చెబుతుందట. ఆ ఒక్క ముక్క కోసం మూడు వారాలు ఏదో సర్వీస్ సెంటర్ చుట్టూ తిరిగి, దొరక్క, ఇక మానేసింది పాపం."