మొదటి ముద్ద

కొండలయ్య ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేసరికి, ఎదురుగా పెళ్ళాం రెబెకమ్మ సజ్జ సంగటి పులుసులో అద్దుకుని తింటూ ఉంది. అతని కంచం ఖాళీగా ఉంది.

"ఏందే ఇది? మొగుడికి పెట్టకుండానే తింటుండావు?"

"సంఘం రూలయ్యా. వాళ్ళ సజ్జలు తెచ్చుకున్న ఇంట్లో వండినోళ్ళే ముందు తినాల. కాదంటే గింజలు ఆపేస్తారంట."

 వానలు మొహం చాటేసి ఉదయగిరి చుట్టుపక్కల చేలన్నీ బీళ్ళయ్యాయి. పంటలు పండిన ఏడాదిలో ఆడవాళ్ళ సంఘం దాచిపెట్టిన సజ్జలే ఇప్పుడు ఊరికి కూడు. పైగా మొన్నీమధ్య సారా అంగడినే మూయించిన ఆడవాళ్ళాయె, వాళ్ళతో పెట్టుకునే ధైర్యం కొండలయ్యకు లేదు.

ఆమె తిని లేచాక పులుసు గిన్నె చూసుకున్నాడు. తాను ఆత్మకూరులో ఏరి తెచ్చిన ఎండుచేపలు ఒక్కటీ లేవు. అడుగున చింతపండు పిప్పి ఉంది. ఇన్నాళ్ళూ ఆమె వంతుకు వచ్చింది అదేనన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. కోపం మాత్రం వచ్చింది.

"రేపు నేనే వండతా. నేనే ముందు తింటా."

"వండు. నేనేమన్నా వద్దంటినా?"

మరునాడు పొయ్యి ముందు కూర్చున్నాడు. పొగకు కళ్ళు మండాయి, సంగటి గెలికి గెలికి రెక్కలు పడిపోయాయి. అడుగు మాడింది, నడుమ పచ్చిపిండి ఉండలు కట్టింది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది.

"తినయ్యా, నీ తరవాతే నేను," అంది రెబెకమ్మ ఎంతో మర్యాదగా.

ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగలేడు, కక్కలేడు. చెయ్యి కడుక్కుని, చర్చి పంచలో సజ్జలు కొలుస్తున్న సంఘం ఆడవాళ్ళ దగ్గరికి తిన్నగా పోయాడు.

"ప్రమీలమ్మా, ఆ రూలు తీసెయ్యండి."

"ఏ రూలన్నా?" సంఘం లీడరు ప్రమీలారాణి కొలవడం ఆపింది.

"అదే, గింజలు తీసుకున్న ఇంట్లో వండినోళ్ళే ముందు తినాలని పెట్టినారే, అది."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రమీలారాణి కొలత డబ్బా పక్కన పెట్టింది.

"ఇంత మంచి రూలు మాకు తట్టనే లేదన్నా. ఏమ్మా, ఈ పొద్దు నుంచే ఊరంతా పెడదామా?"

అందరూ చేతులెత్తారు. ప్రమీలారాణి మళ్ళీ కొలత డబ్బా అందుకుంది.

"ఇంట్లో మొగోళ్ళు ఎవరన్నా తగువుకొస్తే, రూలు చెప్పింది కొండలయ్యన్నేనని చెప్పండమ్మా."