భవాని అడుగు, బర్రె పాలు

"నువ్వు కాలు పెట్టినప్పటి నుంచే బర్రె పాలు తగ్గినాయి."

గోవిందమ్మ కొత్త కోడలితో ఈ మాట అన్నది వాకిట్లో, పక్కింటి శ్రీశైలమ్మ వింటుండగానే. భవాని చేతిలోని చీపురు పక్కన పెట్టింది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివిన పిల్ల. నింద పడితే ఏడవడం ఆమె సిలబస్‌లో లేదు.

"సరే, తేల్చుకుందాం అత్తా," అని సుద్దముక్క తెచ్చి, వాకిట్లో పరిచిన నల్లటి పలకరాళ్ల మీద రెండు వాక్యాలు రాసింది.

శూన్య పరికల్పన: భవాని ఇంట్లో ఉన్నా లేకున్నా పాలలో తేడా లేదు.

ప్రత్యామ్నాయ పరికల్పన: భవాని ఉంటే పాలు తక్కువ.

రాత కుదురుగా వచ్చినందుకు, అంత కోపంలోనూ, కాస్త మురిసిపోయింది.

"మొదటిది నా మాట, రెండోది నీ మాట. రుజువు దొరికేదాకా మొదటిదే నిలబడుద్ది."

"ఏంది, నీ మాటే ముందు నిలబడేది?"

"నింద వేసినోళ్లే కదత్తా రుజువు చూపాల్సింది."

శ్రీశైలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వారం రోజులు గిద్దలూరులో మా నాయన దగ్గరుంటా. నువ్వు పూటపూటా పాలు కొలిచి పెట్టు. పెరిగితే నా అడుగు మంచిది కాదని వీధిలో అందరి ముందు ఒప్పుకుంటా. పెరక్కపోతే అన్న మాట శ్రీశైలమ్మత్త ముందే వెనక్కి తీసుకోవాల."

"పో. పొయ్యి చూడు," అంది గోవిందమ్మ.

గడప దగ్గర మురళీకృష్ణ, పెళ్లయి నెల కూడా కాని మొగుడు, నిలబడి ఉన్నాడు. అతని అభిప్రాయం ఎవరూ అడగలేదు.

వారం తిరిగేసరికి తల్లీకొడుకులిద్దరూ గిద్దలూరులో దిగారు. గోవిందమ్మ చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

"పాలు సగానికి పడిపోయినాయి. నువ్వు లేకుంటేనే తక్కువ. నీది మహాలక్ష్మి అడుగే తల్లీ. శ్రీశైలమ్మకు కూడా చెప్పొచ్చినా. రా, పోదాం."

ఇంకో కోడలైతే బ్యాగు సర్దుకునేది. భవాని కదల్లేదు.

"అట్ల కుదరదత్తా. మనం రాసుకున్నది నేనుంటే తగ్గుతాయని. ఫలితం చూసినాక వాక్యం తిప్పి రాయకూడదు. నా అడుగు చెడ్డదని తేలలేదు, అంతే. మంచిదని కూడా తేలలేదు. ఆ మాట అనాలంటే కొత్తగా రాసి, మళ్లీ కొత్తగా కొలవాల."

"అంటే?"

"ఇంకో వారం ఇక్కడే ఉంటా."

మురళీకృష్ణ ముఖం వాడిపోయింది.

"ఇంకో వారమా? వద్దు భవానీ. ఆ కొలతలే తప్పు. రోజూ పొద్దున, అమ్మ పాలు పిండకముందే దూడను విడిచింది నేనే. నువ్వు తొందరగా వస్తావని."

భవాని నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. గోవిందమ్మ కొడుకు వైపు తిరిగింది.

"పొద్దున కూడానా? నేను సాయంత్రం ఒక్కపూటే కదా విడిచింది, ఇంతగా ఎట్ల తగ్గినాయా అనుకుంటున్నా."