వాకిటికి అడ్డం

ఇనపతొట్టి వాకిట్లో దిగాక గానీ మార్లాకి తెలిసిరాలేదు, కారు షెడ్డులో చిక్కుకుపోయిందని.

మనిషెత్తు తొట్టి. షెడ్డు తలుపుకి అడ్డంగా కూర్చుంది. లారీ డ్రైవరు గొలుసులు చుట్టుకుంటున్నాడు.

"కాస్త పక్కన పెట్టరా?"

"పక్కనంతా బురదమ్మా. పెడితే దిగబడిపోద్ది. కప్పు పని అయ్యాక ఫోన్ చెయ్యండి, వచ్చి పట్టుకుపోతా."

మొన్నటి వడగళ్ళకి ఇంటి కప్పంతా చిల్లులు పడ్డాయి. పాత తారు పెంకులు పీకి పడెయ్యడానికే ఆ తొట్టి అద్దెకి తెప్పించింది. ఇంకెప్పుడైనా అయితే కారు గురించి ఇంత బెంగపడేది కాదు.

కానీ ముందురోజే అక్క ఫోన్ చేసింది. "డ్వేన్ జైల్లోంచి బయటికొచ్చాడే. జాగ్రత్త!"

తనకి నా అన్నవాళ్ళెవరూ లేరని వాడంటే జాలిపడి ఆమె చేసుకున్న మొగుడు. ఆమె తల పగలగొట్టి జైలుకి పోతూ, "ఎక్కడ దాక్కున్నా వచ్చి చంపుతా" అని అరిచిన మొగుడు. వాడికి దొరక్కూడదనే కూతురు టెస్సీని చంకనేసుకుని ఒహాయోలో ఈ మూల ఊరికి వచ్చిపడింది.

మర్నాడు పనివాళ్ళు కప్పెక్కి పెంకులు పీకుతుండగా, ఎదురుగా రోడ్డు పక్కన ఓ పాత ట్రక్కు ఆగింది. దాని మూతి ఊరి దారివైపు ఉంది. అందులోంచి ఒక ముసలాయన దిగి, తొట్టి చుట్టూ తిరిగి చూశాడు.

"ఏం కావాలి?" అంది మార్లా.

"పాత చెక్కలేమైనా పడేస్తారేమోనని..." నసిగాడు. "అమ్మా, ఈ తొట్టి ఇక్కణ్ణించి తీయించెయ్. నీ కారు బయటికి రాదు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. షెడ్డు తలుపు మూసే ఉంది.

"కారు లోపలుందని నీకెవరు చెప్పారు?"

ఆయన వెనక్కి తిరిగాడు. వెళ్ళి ట్రక్కులో కూర్చున్నాడు.

మధ్యాహ్నమైనా కదల్లేదు. చెక్క ఒక్కటీ ముట్టుకోలేదు.

మేస్త్రీ ఎలియాస్ నిచ్చెన దిగొచ్చాడు. "ఎవరు మేడమ్ ఆ ముసలాడు? వచ్చి వచ్చి తొట్టి పక్కనే నిలబడతాడు. పైనుంచి విసిరింది నెత్తిన పడితే మా ప్రాణానికొస్తుంది!"

"నాకూ తెలీదు."

"అయితే పోలీసుల్ని పిలవండి."

ఆ రాత్రి మార్లాకి కునుకు పట్టలేదు. తెల్లారి కిటికీ తెర తీస్తే ట్రక్కు అక్కడే ఉంది.

ముసలాయన మాత్రం ట్రక్కులో లేడు. వాకిట్లో, టెస్సీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"నీ పేరేంటి తల్లీ?"

మార్లా పరిగెత్తుకెళ్ళి కూతురి నోరు మూసేసింది.

"నా పిల్ల పేరు నీకెందుకు?"

"ఊరికే అడిగానమ్మా."

"డ్వేన్ పంపాడా నిన్ను?"

ఆ పేరు వినగానే ముసలాయన మొహం పాలిపోయింది.

"తెలుసు! వాడు నీకు తెలుసు! నా ఆనవాలు పట్టి వాడికి చేరేస్తున్నావు!"

"కాదమ్మా, నా మాట కాస్త..."

ఆమె ఓ విరిగిన చెక్క ఎత్తింది. కప్పు మీదివాళ్ళు సుత్తులతో సహా దిగొచ్చారు.

కాసేపటికి పోలీసు లాఫ్టిస్ వచ్చాడు. "డ్వేన్ ఎక్కడున్నాడో చెప్పు పెద్దాయనా."

"నాకు తెలీదు సార్."

"అయితే బండి తియ్యి. ఆడకూతురు హడలిపోతోంది. మళ్ళీ ఈ వీధిలో కనబడితే లోపలేస్తా."

"వెళ్తాను సార్. ఆవిడ కారుకి దారి మాత్రం ఇప్పించండి."

"విన్నారా? మళ్ళీ కారే అంటాడు!" మార్లా కేకపెట్టింది.

ట్రక్కు వెళ్ళిపోయింది.

సాయంత్రం పనివాళ్ళు సగం ఊడిన కప్పు మీద టార్పాలిన్ కప్పి ఇళ్ళకి పోయారు. తొట్టి వాళ్ళకి ఫోన్ చేస్తే రేపొస్తామన్నారు.

గాలి లేచింది. టార్పాలిన్ టపటపా కొట్టుకుంటుంటే పైన ఎవరో నడుస్తున్నట్టే ఉంది. మార్లా అన్ని గడియలూ మళ్ళీ మళ్ళీ చూసుకుంది.

అప్పుడే వీధి మలుపు దగ్గర్నుంచి ధడేలుమని చప్పుడు.

"అమ్మా, పిడుగా?" అంది టెస్సీ.

"పిడుగే."

పిల్లని లాక్కుని స్నానాలగదిలో దూరి గడియ పెట్టింది. కూరలు తరిగే కత్తి చేతిలో బిగించి పట్టుకుంది. పారిపోదామంటే కారుంది, దారి లేదు. టెస్సీ ఏడవబోతే గుండెకి అదుముకుంది.

ఎంతసేపటికో వీధి తలుపు మీద దబదబా చప్పుడైంది.

"మార్లా గారూ! నేను, లాఫ్టిస్‌ని!"

కత్తి వదలకుండానే వెళ్ళి తలుపు తీసింది.

"డ్వేన్ దొరికాడమ్మా. మీ ఇంటికే వస్తున్నాడు. పక్క సీట్లో తుపాకీ ఉంది."

"ఎలా... ఎలా దొరికాడు?"

"మలుపు దగ్గర ఒకాయన ట్రక్కుని రోడ్డుకి అడ్డంగా పెట్టి కూర్చున్నాడు. ఆయన తప్పుకోలేదు. వీడూ ఆగలేదు, గుద్దేశాడు."

"ఎవరాయన?"

లాఫ్టిస్ టోపీ తీశాడు. "పొద్దున మనం తరిమేసిన ముసలాయన. అంబులెన్సు వచ్చేలోపే పోయాడు."

మార్లా కత్తి పక్కన పడేసింది.

"వాడొస్తున్నాడని తెలిసి కూడా... నాకు చెప్పొచ్చుగా? పోనీ, మీకైనా చెప్పొచ్చుగా?"

"ఆయనకి ఊపిరుండగా నేనూ అదే అడిగాను. వాడి దగ్గర మీ అడ్రసు చూసి ముందే బయల్దేరాడట. చెబితే వాణ్ణి మళ్ళీ జైల్లో వేస్తారు, నాలుగు మంచి మాటలు చెప్పి వెనక్కి తీసుకుపోదామనుకున్నాను అన్నాడు." లాఫ్టిస్ గొంతు తగ్గింది. "కన్నకొడుకు కదమ్మా మరి."